అరవై దినార్లు, రెండు పోలవరాలు

ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. సంచిలోంచి తీసిన చీరల మడతల్లో ఎండుచేపల వాసన ఇంకా పోలేదు. అది పోకముందే రాసేయాలని కూర్చున్నాను.

1993 నుంచి నాలుగేళ్లు నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేశాను. పిల్లల పని నాది, వంట అక్కది. అక్క అంటే తోబుట్టువు కాదు. నాది రాజంపేట వైపు పల్లె, ఆమెది గోదావరి. నాకప్పుడు 21 ఏళ్లు, ఆమెకు 30. తన పేరు రాయవద్దంది కాబట్టి అక్క అనే రాస్తాను. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన మా ఇద్దరికీ ఒకటే గది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కింద నుంచి "తాలీ!" అని, అరబ్బీలో ఇలా రా అని, కేకేస్తే అక్క తన గోదావరి యాసలో "ఆయ్" అనేది. కొన్నాళ్లకు ఆ ఇంటి పిల్లలు కూడా "ఆయ్" అనడం నేర్చుకున్నారు.

1996 సెప్టెంబరులో మా అమ్మకు ఆపరేషన్ చేయాలన్నారు. నా జీతం నెలకు 30 దినార్లు, అది వచ్చినట్టే ఇంటికి పోయేది. నేను అడగలేదు. అక్కే రాత్రి దిండు గలీబు కుట్టు విప్పి 60 దినార్లు తీసి నా చేతిలో పెట్టింది. నవంబరు 6న తుఫాను కోనసీమను కొట్టింది. వెయ్యి మందికి పైగా పోయారని వార్త. వారం తిరగకుండా అక్క వెళ్లిపోయింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "పోలవరం అని రాసి మా ఆయన పేరు రాయి, చేరుతుంది" అంది. 1997 మార్చిలో డ్రాఫ్టు తీసి ఉత్తరంతో పంపాను. జూన్‌లో తిరిగొచ్చింది. మరో మూడు ఉత్తరాలూ అలాగే వచ్చాయి. ఆ మొదటి కవరును ప్లాస్టిక్ సంచిలో పెట్టి దాచాను. తర్వాత పెళ్లి, పిల్లలు, కుట్టు మిషన్ల దుకాణం. వెతకడం మానేశాను.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మా చుట్టుపక్కల ఊళ్ల మీద పడింది. చిన్నమ్మ ఇంట్లోంచి మూడు రోజులు బురద ఎత్తిపోశాను. బీరువాలో బట్టలు, బియ్యం, పసుపు, అన్నీ ఒకే రంగుకు తిరిగిపోయి ఉన్నాయి. ఆ బురదలో నిలబడి ఉండగా, తుఫానుకు ఇల్లు పోయిన రోజుల్లో అక్క చేతిలో ఆ 60 దినార్లు లేవన్న మాట గుర్తొచ్చింది. అంతకుముందు కూడా గుర్తుండేది, కానీ అంత బరువుగా ఎప్పుడూ లేదు. బయల్దేరడానికి మూడేళ్లు పట్టింది.

ఎంత తీసుకెళ్లాలి? అప్పట్లో 60 దినార్లంటే దాదాపు 7 వేల రూపాయలు. ఈ 2024 ధరకు మార్చితే 16 వేల పైచిలుకు. కానీ కువైట్ వెళ్లిన ఆడవాళ్లెవరూ డబ్బును డబ్బుగా లెక్కపెట్టరు, బంగారంగా లెక్కపెడతారు. ఆనాడు 10 గ్రాములు 5 వేల చిల్లర. అందుకని 13 గ్రాముల గొలుసు చేయించాను.

నవంబరు 4, సోమవారం: రాజమండ్రి, పోలవరం

మొదటి కార్తీక సోమవారం. తెల్లవారుజామునే పుష్కరఘాట్ దగ్గర అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. మా ఏట్లో దీపం వదలాలంటే ముందు నీళ్లు ఉండాలి. ఇక్కడ ఆవలి ఒడ్డు మంచులో కనిపించనంత నీళ్లు. పక్కనున్న పెద్దావిడ నా ఖాళీ చేతులు చూసి తన దొప్పల్లో ఒకటి తీసి ఇచ్చింది, డబ్బు ఇవ్వబోతే "దీపానికి డబ్బు పుచ్చుకుంటారా అమ్మా" అని మందలించింది.

కొవ్వూరు మీదుగా పోలవరం బస్సు. సగం బస్సు పట్టిసీమ వెళ్లే ఆడవాళ్లే. ఏటి మధ్య కొండ మీది వీరభద్రుణ్ని చూడటానికి పడవ ఎక్కుతారట. వాళ్లు దిగిపోయాక బస్సు బోసిపోయింది, కిటికీలో కొండలు మొదలయ్యాయి. ఆ కొండలు చూడగానే నాకు గుండెలో ఏదో తేడాగా అనిపించింది. అక్క మూడేళ్లలో ఒక్కసారి కూడా కొండ మాట ఎత్తలేదు.

పోలవరంలో టీ దుకాణం దగ్గర నలుగురిని అడిగాను. పేరు చెప్పాను, భర్త పేరు చెప్పాను, కువైట్ చెప్పాను. ఎవరికీ తెలియదు. చివరికి అక్క ఎప్పుడూ చెప్పే ఒక మాట అడిగాను: "ఇక్కడ ఏటినీళ్లు ఉప్పగా ఉంటాయా?"

టీ కాచే ఆయన గరిటె పక్కన పెట్టాడు. "ఉప్పగానా? సముద్రం ఎక్కడుందమ్మా ఇక్కడ? మీరు వెతికేది ఐ. పోలవరం అయ్యుంటుంది. ఐ అంటే ఐలాండ్. లంక. అది అమలాపురం అవతల, యానాం దగ్గర."

నేను బల్ల మీద కూర్చుండిపోయాను. నా ఉత్తరాలు నాలుగూ ఈ ఊరి పోస్టాఫీసుకు వచ్చి, ఈ వీధుల్లో ఎవరినో అడిగి, ఎవరూ లేక తిరిగిపోయాయి. అక్క ఊరి పేరుకు ముందు ఒక అక్షరం ఉందని ఆమె చెప్పలేదు, చెప్పాలని ఆమెకు తోచి ఉండదు. సొంత ఊరిని ఎవరు అక్షరంతో సహా పిలుస్తారు? టీకి ఆయన డబ్బు తీసుకోలేదు.

నవంబరు 5, మంగళవారం: ధవళేశ్వరం, ఆత్రేయపురం, అమలాపురం

నాగుల చవితి. ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆటో ఆపించి దిగాను. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఇక్కడ ఆనకట్ట పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్ గురించి బడిలో చదువుకున్నదే. ఇప్పటి బ్యారేజీ తర్వాత కట్టింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు, మొత్తం మూడున్నర కిలోమీటర్ల పైన. ఆ దిగువనుంచే గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. అవన్నీ తెలిసినా, కాలువ నిండా గట్టు అంచు దాకా నీళ్లు నిశ్శబ్దంగా వెళ్లిపోవడం చూస్తే మా సీమ మనిషికి కడుపులో ఏదో కదులుతుంది. ఒకామె ఆ కాలువలో గిన్నెలు కడిగి, ఇంకా రెండు చెంబుల నీళ్లు ఊరికే మెట్ల మీద పోసింది. నేను ఆమె వంకే చూస్తూ నిలబడ్డాను.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం. కువైట్ గదిలో అక్క ఎన్నోసార్లు నోటితో తినిపించిన ఊరు ఇది. ఒక ఇంటి వసారాలో నడివయసు ఆమె పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, పక్కన దానికో నోరు, అందులో ఎండు కొబ్బరాకుల మంట. పాలలా పలచగా రుబ్బిన బియ్యప్పిండి పళ్లెంలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగింది. గుడ్డ అటు చేరేలోగా ఇటు రేకు అంచు లేచింది. మునివేళ్లతో తీసి పక్కన పెట్టింది. నేను అలాంటి ముప్పయి నలభై రేకులు చూశాను, ఒక్కదానికీ ఆమె కుండ వంక చూడలేదు, నాతోనే మాట్లాడుతోంది. "ఎండగా ఉంటే రేకు విరుగుతుంది, ముసురుగా ఉంటే మెత్తబడుతుంది. వేళ్లకు తెలుస్తుందండి" అంది. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి పది, 200 రూపాయలు. అక్క కోసం కొన్నాను. భౌగోళిక గుర్తింపు వచ్చింది 2023లో అని పెట్టె మీద ముద్ర కూడా చూపించింది.

రావులపాలెం నుంచి అమలాపురం దాకా బస్సులో దారి పొడవునా కొబ్బరి తోటల్లో పుట్టల దగ్గర జనం. పట్టుపావడా పిల్లలు పాలగిన్నెలు పట్టుకుని వరుసలో ఉన్నారు. పుట్ట చుట్టూ పసుపు, కుంకుమ, చిమ్మిలి ఉండలు, మిగిలిన దీపావళి టపాసుల మోత. పక్క సీటాయన నా ఊరు, నా వాళ్ల ఊళ్లు, వచ్చిన పని, అన్నీ వరుసగా అడిగాడు. ఇక్కడ కొత్త మనిషిని అడగకపోతే అమర్యాద. అడిగాక ఊరుకోడు కూడా. ఐ. పోలవరానికి ఎక్కడ దిగాలో కండక్టరుతో మాట్లాడి, మర్నాటి బస్సు వేళ నా చేతి సంచి మీద రాసిచ్చాడు.

అమలాపురంలో లాడ్జి గది 900. రాత్రి భోజనం ఒక ఇంటి వసారాలో నడిపే మెస్సులో, 120. పనసపొట్టు కూర, ఆవపెట్టి. మా ఇళ్లలో పనసకాయను ఇంత సన్నగా ఎవరూ కొట్టరు. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వడ్డించే అమ్మ కంగారుపడి పెరుగు తెచ్చింది. అక్క చేసేది ఇంతకంటే ఘాటుగా ఉండేదని చెప్పాను.

నవంబరు 6, బుధవారం: మురమళ్ల, ఐ. పోలవరం

తుఫాను వచ్చిన రోజు. నేను ముందుగా అనుకుని ఈ తేదీ పెట్టుకోలేదు, మొదటి పోలవరం వల్ల ఇలా కుదిరింది.

మురమళ్ల దగ్గర దిగాను. ఇక్కడి వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం చేస్తారు, పెళ్లి కావలసినవాళ్లు వచ్చి చేయిస్తారు. రోడ్డు మీద బోండాలు అమ్మే ఆయన ఒకటి కొట్టి ఇచ్చాడు, 30 రూపాయలు. గుజ్జు తీయడానికి ఆ బోండం చెక్కనే చిన్న చెంచాలా చెక్కి ఇచ్చాడు. అక్కడి నుంచి ఆటోలో ఐ. పోలవరం.

కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆవిడ కావాలి అంటే ఒక్క వీధిలోనే నలుగురిని చూపించారు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే "మేం కాదమ్మా" అన్నారు. నాలుగో ఇంటావిడ తన అకామా కార్డు, అంటే కువైట్‌లో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, కూడా తెచ్చి చూపించింది, ఫొటోలో పాతికేళ్ల పిల్ల.

రావిచెట్టు కింద ఒక పెద్దాయన. ఒకప్పుడు కొబ్బరికాయల దింపు తీసేవాడు, రోజుకు నలభై యాభై చెట్లు ఎక్కేవాడు. రెండు పాదాల లోపలి అంచులు ఇప్పటికీ చెక్కలా గట్టిపడి ఉన్నాయి. 96 అనగానే ఆయన గొంతు మారింది. "ఆ సాయంత్రం గాలి ఒక పక్క నుంచి కొట్టి ఆగింది. అయిపోయింది అనుకున్నాం. తర్వాత రెండో పక్క నుంచి కొట్టింది. తెల్లారి చూస్తే ఎక్కడానికి చెట్టు లేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు చేపల వేటకు పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఎన్నేళ్లు పడుతుందమ్మా? అన్నేళ్లు మేం ఏం తిన్నాం?" నేను ఏమీ అనలేకపోయాను.

అక్క భర్త పేరు చెబితే ఆయనే లేచి నన్ను ఒక ఇంటికి తీసుకెళ్లాడు. అది అక్క తోటికోడలి ఇల్లు. అక్క వాళ్లు ఆ మరుసటి ఏడే ఊరు వదిలేశారట, యానాంలో ఉంటున్నారట, భర్త పోయి ఆరేళ్లయిందట. బతికే ఉంది అని విని నేను గోడకు ఆనుకున్నాను.

"మీదే ఊరన్నారు?" అని అడిగింది తోటికోడలు.

"రాజంపేట."

ఆమె నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది. నాకప్పుడు అర్థం కాలేదు. భోజనం పెట్టింది. సొరకాయ పాలు పోసి వండిన కూర, గోంగూర, మజ్జిగ. రాత్రికి అక్కడే ఉండమంది, మంచం వేసింది, దోమతెర కట్టింది. కానీ కువైట్ గురించి ఒక్క మాట అడగలేదు. ఊరంతా అడిగింది, ఆమె అడగలేదు.

పడుకోబోయే ముందు అక్క ఇల్లు ఉన్న చోటు చూపించమన్నాను. ఇప్పుడు అది వేరేవాళ్ల తోట. మొక్కల మధ్య రెండు మెట్లు మిగిలాయి, ఆ మెట్ల పైన ఏమీ లేదు.

నవంబరు 7, గురువారం: యానాం

ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన దాటితే రాష్ట్రం మారిపోతుంది. యానాం పుదుచ్చేరిది. 1954 జూన్ దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉండేది. బాల్యవివాహాలు వద్దంటూ 1929లో శారదా చట్టం వచ్చాక, బ్రిటిషు జిల్లాల నుంచి పిల్లలను బండ్లెక్కించుకొచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసేవారట. అందుకే దీనికి కల్యాణపురం అని పేరొచ్చిందని ఆటో అబ్బాయి చెప్పాడు. వాళ్ల నాయనమ్మ పెళ్లి కూడా అలా జరిగిందే.

తోటికోడలు చెప్పిన గుర్తు: చేపల బజారు, ఇప్పుడు చీరమేను రోజులు, అక్కడే కూర్చుంటుంది.

దీపావళి దాటి తూర్పు గాలి తిరిగినప్పుడు కొద్ది రోజులు మాత్రం దొరికే చేపపిల్లలు ఇవి. దగ్గరగా వంగి చూస్తే తప్ప ఒక్కొక్కటీ విడిగా కనపడదు. వెంట్రుక కంటే కొంచెం లావు, గాజులా మెరుపు, ఒక కొసన రెండు నల్లటి చుక్కలు, అవే కళ్లు. సత్తు బేసిన్ నిండా వెండి నూలు కుప్ప పోసినట్టు ఉంటాయి, కుప్ప మొత్తం మెల్లగా కదులుతూ ఉంటుంది. తూకం ఉండదు. గ్లాసులతో, సేర్లతో కొలుస్తారు.

వరుసలో ఐదో బేసిన్ వెనక అక్క. జుట్టు తెల్లబడింది, కుడి మోకాలు చాపుకుని కూర్చుంది. నేను గుర్తుపట్టింది ముఖాన్ని కాదు, గ్లాసు నింపి పైన మరో పిడికెడు వేసే చేతిని. కువైట్‌లో నా పళ్లెంలో అన్నం అలాగే పెట్టేది.

"గ్లాసా, సేరా అమ్మా? గ్లాసు 150" అంది తల ఎత్తకుండా.

నా నోటికి వేరే మాట రాలేదు. "తాలీ" అన్నాను.

"ఆయ్" అంది. అలవాటుగా వచ్చింది ఆ మాట. అన్న తర్వాత తల ఎత్తింది. చాలాసేపు చూసింది. నవ్వలేదు, ఏడవలేదు. గ్లాసులో చేపలను బేసిన్‌లో తిరగ్గుమ్మరించి, పక్కావిడకు అప్పజెప్పి, "పద ఇంటికి" అంది.

దారిలో ఒక్క మాట లేదు. గుమ్మంలో కోడలు ఎదురొచ్చింది. నేను రాజంపేట అని చెప్పానో లేదో, ఆ అమ్మాయి, "అత్తయ్యా, 60 దినార్ల ఆవిడా?" అంది.

ఆ ఇంట్లో నా పేరు అది. 28 ఏళ్లుగా అదే. నిన్న తోటికోడలు ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. అక్క కోడలిని కసిరింది, ఆ తర్వాత నా వైపు తిరిగి, "అబద్ధం ఎందుకు, నేనే చెప్పాను వాళ్లకు" అంది. "ఇంటి మీద తాటాకు కూడా లేదు. చిన్నవాడికి జ్వరం. పోస్టుమాన్ కోసం ఏటిగట్టు దాకా నడిచేదాన్ని. నీకోసం కాదు, ఆ డబ్బు కోసం. రెండు ఉత్తరాలు రాయించాను. నువ్వు పలకలేదు. నిన్ను తిట్టాను, నిజమే, చాలా తిట్టాను."

ఆ ఉత్తరాలు నాకు అందలేదు. చెప్పినా నమ్ముతుందో లేదోనని సంచిలోంచి పాత కవరు తీశాను. కోడలు వెలుతురుకు పెట్టి చదివింది. అక్క భర్త పేరు, కింద పోలవరం, ఆపైన పశ్చిమ గోదావరి ముద్ర, 1997, "ఇటువంటివారు లేరు".

"ఐ ఏదే?" అంది అక్క.

ఎవరూ జవాబు చెప్పలేదు. అక్క కవరు తీసుకుని, చదవడం రాకపోయినా, ఊరి పేరు ముందున్న ఖాళీ మీద బొటనవేలు పెట్టి రుద్దింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఆగలేకపోయాను.

మధ్యాహ్నం గొలుసు ఇచ్చాను. వద్దంటుందేమో, బతిమాలాలేమో అనుకున్నాను. అక్క అరచేతిలో వేసుకుని ఊపి చూసింది.

"ఎన్ని గ్రాములు?"

"పదమూడు."

"పద్నాలుగు రావాలి. నేనూ ప్రతి ఏడాదీ లెక్క వేస్తూనే ఉన్నాను" అంది. తర్వాత గొలుసు మెడలో వేసుకుని, "పోనీలే, ఆ ఒక్క గ్రామూ నీ పెళ్లికి చదివింపులు" అంది.

ఆ రోజు వంట నన్ను చేయనివ్వలేదు. చీరమేనును పసుపు నీళ్లలో గుడ్డ మీద వడకట్టి కడిగింది, నాలుగుసార్లు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు పులుసు, చివర్లో కొత్తిమీర. గరిటె పెట్టదు, గిన్నె పట్టుకుని తిప్పుతుంది. గరిటె తగిలితే ముద్దయిపోతుందట. కొంచెం మిగిల్చి మినప్పిండిలో కలిపి గారెలు వేసింది. నోట్లో ముళ్లు తగలవు, చేప అన్న సంగతి వాసనతోనే తెలుస్తుంది. నేను తెచ్చిన పూతరేకులు చూసి, "ఆత్రేయపురంలో ఎంతకు కొన్నావు?" అని అడిగి, 200 అంటే చాలా ఎక్కువ ఇచ్చావంది. అయినా మూడు తింది.

రాత్రి వసారాలో పక్కపక్కనే రెండు చాపలు. కువైట్ ఇంటి ఆ మామా, తర్వాత కాలంలో ఆ ఇంటి చిన్నపిల్ల ఏమైంది, సెలవునాడు మనవాళ్లంతా కలిసే మాలియాలో శుక్రవారాలు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు. మా అమ్మ ఆపరేషన్ తర్వాత ఇంకా 11 ఏళ్లు బతికిందని చెప్పాను. "ఎన్నేళ్లు?" అని మళ్లీ అడిగింది. 11 అన్నాను. ఆ తర్వాత ఆమె మరి మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను, కానీ చీకట్లో గొలుసు కదులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

నవంబరు 8, శుక్రవారం: యానాం, కాకినాడ

పొద్దున్నే ఏటి ఒడ్డుకు తీసుకెళ్లింది. పోటు నీరు. వంగి దోసిలి పట్టి నా నోటికి అందించింది. ఉప్పగా ఉంది.

ఎండుచేపలు, ఎనిమిది కొబ్బరికాయలు, కోడలి చేతి సున్నుండలు. మోయలేనని చెప్పినా వినలేదు, కాకినాడ దాకా కొడుకును తోడు పంపింది. బస్సు ఎక్కే ముందు కోడలి చేత ఒక కాగితం మీద చిరునామా రాయించింది. ఇంటి నంబరు, వీధి, యానాం.

"కింద పుదుచ్చేరి అని రాయమ్మా. ఆంధ్ర అని రాసిందంటే మళ్లీ ఎక్కడికో పోతుంది" అని, కాగితం నా చేతికిచ్చి పైకి చదవమంది. చదివాను.

"ఇంకోసారి" అంది.